చెంపకు కాలని చోటు

"మావా, ఆ బండి సంగతి ఆడికి సెప్పీమంటావేటి?"

"నాను పోయాక సెప్పు."

నేనూ మా ఆయనా చివరగా మాట్లాడుకున్నది ఇదే. పలాసలో డయాలసిస్ గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, వాటిని నా చేతికిచ్చి లోపలికి వెళ్లాడు. మధ్యాహ్నానికి ఆ మంచం మీదే పోయాడు. ఏదో మాటవరసకి అన్నాడనుకున్నాను. ఇంటికో కిడ్నీ రోగి ఉన్న మా ఉద్దానంలో మగాళ్లంతా అలాగే అంటారు, పోయాక అని. టెక్కలి వెళ్లొచ్చాక అన్నట్టే అంటారు.

నేను చెబుతుంటే ఇది మా అక్క కోడలు రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు. ఆయన సంవత్సరీకం దగ్గరపడింది, ఆయన గురించి నాలుగు ముక్కలు చెప్పు చిన్నత్తా, రాసి ఉంచుతాను అంది. సరే, చెబుతున్నాను.

మా ఆయన కాశీబుగ్గలో హైవే పక్క షెడ్డులో కార్లకు రంగు వేసేవాడు. పాత కారు కొనేవాళ్లు ముందు ఆయన్ని తీసుకెళ్లి చూపించుకునేవారు. కళ్లు మూసుకుని వేళ్ల కొసలతో డోరు పొడవునా నిమిరేవాడు. గుద్దుకున్న చోట లప్పం పెట్టి పైన రంగు కొట్టి ఉంటే ఆయన వేలికి దొరికిపోయేది. మిగతావాళ్లు గుడ్డ చుట్టిన అయస్కాంతంతో చూసేవారు. లప్పం ఉన్న చోట అది అంటుకోదు. ఆయనకు అది నామోషీ. "అయస్కాంతం అట్టుకున్నోడు పెయింటరేటి? సెయ్యి తెలీనోడికి గదా అది" అనేవాడు.

కిడ్నీలు పాడయ్యాక ఆ వేళ్లే మొద్దుబారాయి. వేడి టీ గ్లాసు పట్టుకుని బొబ్బలెక్కినా తెలియలేదు. నాకు తప్ప ఎవరికీ తెలియదు ఈ సంగతి. షెడ్డు పని మానేశాక ఆయనకు మిగిలింది బళ్లు చూడడం ఒక్కటే. గుమ్మంలో ఎవరైనా "మేస్త్రీ" అని పిలిస్తే చాలు, చొక్కా మార్చుకునేవాడు. ఇంక నేనేం చెప్పను? నోరు మూసుకున్నాను.

కొబ్బరికాయల లారీలు తిప్పే మా అక్క కొడుకు టెక్కలిలో ఒక స్పోర్ట్స్ కారు చూశాడు. రెండే తలుపులు, నేలకు ఆనుకున్నట్టుంటుంది, ఎర్రటి ఎరుపు. సిన్నాన్న చెయ్యి వేస్తేనే కొంటానని మమ్మల్ని తీసుకెళ్లాడు. వేళ్లు మొద్దుబారాక ఆయన పొద్దుటి ఏటవాలు ఎండలోనే బండి చూసేవాడు, లప్పం ఎగుడుదిగుడు కంటికైనా దొరుకుతుందని. ఆ అమ్మేవాడు టిఫిన్లని, టీలని పన్నెండు చేశాడు. ఎండ నెత్తి మీదికొచ్చాక గేటు తీశాడు.

ఆయన కళ్లు మూసుకుని నిమిరాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి. ఆయన పెదవులు చూస్తే నాకు అర్థమైంది, ఏమీ తెలియడం లేదు.

నా వేళ్లూ అంతే అనుకోండి. ఇరవై ఏళ్లు జీడి పరిశ్రమలో పని, జీడి నూనెకు చర్మం బండబారిపోయింది. అందుకే మా ఆడవాళ్లం పప్పు ఆరిందో లేదో చేత్తో చూడం, చెంపకు ఆనించి చూస్తాం. నేను వంగి కారుకు చెంప ఆనించాను. డోరు చుర్రుమంది. కప్పు చుర్రుమంది. డోరు వెనక, కప్పును మోసే పిల్లరు దగ్గర మాత్రం జానెడు మేర కాలలేదు. రేకు కాలుతుంది, లప్పం అంత కాలదు.

"మావా, ఇక్కడ కాల్డం నేదు" అన్నాను.

అమ్మేవాడు పకపకా నవ్వాడు. "ఏటమ్మా, కారుకి ముద్దెడతన్నావా? మేస్త్రీ, మీ ఆవిడికి బండి బాగా నచ్చీసినాది!"

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. మా అక్క కొడుకూ నవ్వాడు. ఆయన ముఖం నల్లబడిపోయింది.

"జీడిపప్పు ఒలుసుకునేదానివి, రంగు సంగతి నీకేటి తెలుసే? ఇవతలకి రా" అన్నాడు. తర్వాత మా అక్క కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "కంపెనీ రంగేరా. తీసుకో" అన్నాడు.

ఆ కారులోనే ఇంటికొచ్చాం. వెనక సీట్లో కుక్కుకుని కూర్చున్నాను, ఆ పిల్లరు నా చెవి పక్కనే. పిల్లరు కోసి అతికిన బండి పల్టీ కొడితే కప్పు నెత్తి మీదికి వచ్చేస్తుందని ఆయనే ఎన్నిసార్లో చెప్పాడు, వేరేవాళ్ల బళ్ల గురించి.

ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని అడిగాడు. "నిజింగా కాలనేదేటే?"

"నేదు మావా."

కంచం అలాగే ఉంది. ఆయన తన చేతులే చూసుకుంటూ కూర్చున్నాడు. మర్నాడు డయాలసిస్.

పెద్దకర్మ నాడు మా అక్క కొడుక్కి చెబుదామనుకున్నాను. వాడు ఆ కారులోనే వచ్చాడు. "మా సిన్నాన్న ఆకరిసారి సెయ్యేసిన బండిది, సచ్చినా అమ్మను" అని ఊరందరి ముందూ ఏడ్చాడు. ఏం చెప్పమంటారు? చెబితే ఆయన చేతికి ఇన్నేళ్లుగా ఉన్న పేరు పోతుంది. మాట మింగేశాను. పదకొండు నెలలు మింగాను. వాడు హారన్ కొట్టుకుంటూ వెళ్లినప్పుడల్లా వాకిట్లోకొచ్చి బండి మలుపు తిరిగేదాకా చూసేదాన్ని.

మొన్న వాడి బండి మా వాకిట్లో ఆగింది. ఆ పిల్లరు మీద రంగు వెంట్రుకవాసి చీలి ఉంది. "ఇదేట్రా?" అంటే, "ఎండకి పిన్నీ" అన్నాడు. ఎండకి కాదు, లోపల అతుకు కదులుతోంది.

రేపు పొద్దున్న పాపనేసుకుని ముగ్గురూ అందులో విశాఖ వెళ్తున్నారు.

ఏటమ్మీ, ఆపీసినావు? అదీ రాయి. నీ మొగుడని ఆపకు. మీ సిన్నమావకి సెయ్యి తెలియనేదు, తెలియనేదని సెప్పడానికి సిగ్గుపడ్డాడు, నాను నోరు మూసుకున్నాను. అలగే రాయి, ఒక్క ముక్క మార్సకు.

రాసినావా? అయితే మొదట్నించి సదువు. గట్టిగా సదువమ్మీ. ఆడు వాకిట్లో బండి తుడుత్తన్నాడు, ఆడికీ ఇనపడాల.