గడప కాడ ఆగిన నా పీహెచ్‌డీ

ముందుగాల నా కాళ్ల దిక్కు చూసి నవ్వుడు బంద్ చెయ్యుండ్రి. అవును, హవాయి చెప్పులే. అవును, పట్టీకి పిన్నీసు ఉన్నది. నిన్న నా ఏడాది చదువు గంగల మునిగి మళ్ల ఒడ్డుకెక్కింది. గా లొల్లిల నాకు మిగిలినయి గివే! చాయ్ పోసుకోండ్రి, చెప్త.

కరీంనగర్ల నేనేం చదువుతున్ననో మీకు తెల్సు గదా? తెల్వదా? సరే. తలకు వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుంటే కండ్ల ముంగట లేని జాగ కనవడ్తది. గా లేని జాగల మనిషికి దూరం ఎంత అనిపిస్తదో కొలుసుడు నా రీసెర్చ్. దానికోసం రెండు సీన్లు తయారు చేసిన. ఒకటి ఆఫీసు వరండా. రెండోది గుడి. రాతి స్తంభాలు, నడుమ గడప, గడప అవతల దీపం. అది ఏ ఊరి గుడీ కాదు, నేనే కంప్యూటర్ల కట్టిన. మూడు నెలలు కూసోని ఒక్కొక్క స్తంభం నిలవెట్టిన. మేస్త్రి గూడ గంత కష్టపడడు!

పని సింపుల్. మనిషి దీపాన్ని చూస్తడు. స్క్రీన్ నల్లగైతది. ఇగ అంచనాతోని దీపం కాడిదాక నడిచి ఆగాలె. ఏడ ఆగిండో నేను కొలుస్త.

వరండాల అందరు జర అటిటుగ సరిగ్గనే ఆగిండ్రు. గుడిల మాత్రం ఒక్కలు గూడ దీపందాక పోలే! స్టూడెంట్లు, క్లర్కులు, మంచిర్యాల నుంచి బలవంతంగ పట్టుకొచ్చిన మా మేనమామ, అందరు సగం దూరంలనే ఆగుతుండ్రు.

నా కాళ్లు భూమ్మీద ఆగలే. మా గైడ్ సార్ కాడికి ఉరికిన. "సార్! గుడిల మనిషికి దూరం సగమే కనవడ్తుంది! కొత్త సంగతి సార్!"

సార్ కండ్లద్దాలు తీసి తుడుచుకున్నరు. "ముందు నలభై మందిని పూర్తి చెయ్యమ్మా. ఎగురుడు తర్వాత," అన్నరు.

నేను ఆగుతనా? 'పవిత్ర స్థలాల్లో దూర భ్రమ' అని పేపర్‌కు పేరు గూడ పెట్టిన. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

అయ్యో, ఒక రూల్ చెప్పుడే మర్సిన. షురూల ఒక స్టూడెంట్ ఉత్త కాళ్లతోని నడుస్తుంటే కేబుల్ తట్టి బొటనవేలు పగిలింది. గప్పటి సంది ల్యాబ్ తలుపు మీద పెద్ద పెద్ద అక్షరాలతోని రాసి పెట్టిన: 'చెప్పులు విప్పరాదు'. రాసింది నేనే. యాది పెట్టుకోండ్రి.

శ్రీరాంపూర్ల బొగ్గు బాయి పని చేసి రిటైరైన పెద్దాయన ఒకాయన వచ్చిండు. హెడ్‌సెట్ల గుడి కనవడంగనే, "మేడం, మరి చెప్పులు?" అన్నడు.

"ఉండనీయుండ్రి పెద్దయ్యా. రూల్."

ఆయన తలూపిండు. నడిచిండు, సగంల ఆగిండు, చేతుల కదలిక పట్టే రిమోట్లు పట్టుకోనే రెండు చేతులెత్తి దండం పెట్టిండు. నేనేం రాసుకున్ననో తెల్సా? 'రిమోట్ సిగ్నల్‌లో లోపం'. గదీ నా తెలివి!

నిన్న పదకొండు గంటలకు రివ్యూ. ఏడాది పనంత కమిటీ ముంగట పెట్టాలె. వాళ్లు కాదన్నరంటే నా పీహెచ్‌డీ అక్కడికే ఖతం. ఇంట్ల బాపు ముందే అంటుండు, "మంది తలకాయకు డబ్బా కట్టి నడిపిచ్చుడు గూడ చదువేనా బిడ్డా?" అని. నిజం చెప్తున్న, రాత్రి నిద్ర పట్టలే.

తొమ్మిదిన్నర అయింది. రావాల్సిన నలభయ్యో మనిషి రాలే. ఫోన్ ఎత్తుతలేడు. పరేషాన్! గప్పుడే మా క్యాంటీన్ లక్ష్మక్క చాయ్ తీస్కోని వచ్చింది. "అక్కా, పది నిమిషాలు నా కోసం!" అని ఆమెకే హెడ్‌సెట్ తొడిగిన.

"ఓ యమ్మా! వేములాడ రాజన్న గుడి లెక్కనే ఉన్నది గదనే!" అన్నది. నడిచింది. ఆగింది. అందరు ఆగిన జాగలనే!

నాకు పట్టరాని సంబురం. "అక్కా, దీపం నీకు గంత దగ్గర కనవడ్డదా?"

"దగ్గరేంది? దీపం ఇంక గంత దూరమున్నది."

"మరెందుకు ఆగినవక్కా?"

"గడప వచ్చింది గద బిడ్డా. కాళ్లకు చెప్పులుండె. చెప్పులతోని గుడిలకు ఎట్ల పోవాలె? నువ్వేమో విప్పొద్దని రాస్తివి!"

ఉరికి పాత లెక్కలు తీసి చూసిన. ముప్పై తొమ్మిది మంది గూడ గడపకు అడుగు ఇవతల ఆగిండ్రు! స్క్రీన్ నల్లగైనా గడప ఏడున్నదో వాళ్లకు బరాబర్ తెల్సు. వాళ్ల చూపుల ఏ భ్రమా లేదు. భ్రమంత నాదే!

"ఒక్కలన్న నోరిప్పి చెప్పొద్దా అక్కా?"

"పెద్ద చదువు చదివేటి పిల్ల, నీకు తెల్వదా అనుకుంటరు."

ఏడ్సిన. సిగ్గేంది, నిజంగనే ఏడ్సిన. లక్ష్మక్క కొంగుతోని నా మొఖం తుడిచి, "ఏడిస్తె ఏమొస్తది? చెప్పులిప్పి మళ్ల నడిపియ్!" అన్నది. క్యాంటీన్ల చాయ్ తాగేటోళ్లను నలుగురిని ఆమెనే గుంజుకొచ్చింది. కేబుళ్లన్ని పక్కకు కట్టిన. అందరం తలుపు బయట చెప్పులిడిసినం, నేను గూడ. ఆ నలుగురు, లక్ష్మక్క, ఒక్కొక్కలు గడప దాటి సీదా దీపం కాడికి పోయి ఆగిండ్రు! లక్ష్మక్క అయితే మొక్కి, "గంట పెట్టలేదేందే?" అని నన్నే అడిగింది.

పదకొండుకు కమిటీ వచ్చింది, ముగ్గురు. తలుపు కాడ చెప్పుల కుప్ప చూసి, ఎవ్వలు చెప్పకుంటనే వాళ్లు గూడ విడిచి లోపలికొచ్చిండ్రు. నేను దాచలే. నా రూల్, నా సోమలింగం, నా సిగ్నల్ లోపం, మొత్తం కక్కేసిన. ఆదిలాబాద్ నుంచి వచ్చిన మేడం అందరికంటె కడక్ మనిషి. కాగితాలు తిప్పుతుంది, తిప్పుతుంది, తిప్పుతనే ఉన్నది. నా పాణం పాణంల లేదు.

ఆఖరికి తలెత్తింది. "లేని గుడిల చెప్పులతోని అడుగు పెట్టకుంట గింతమంది ఆగిండ్రంటే, వాళ్లకు అది ఎంత నిజమనిపించి ఉండాలె? దూరం సంగతి పక్కకు పెట్టు. వచ్చే ఏడాది గిదే చదువు," అన్నది. సంతకం పెట్టింది!

హమ్మయ్య! తల మీదికెల్లి బండ దించినట్టయింది. సార్ గూడ మొదటిసారి నవ్విండ్రు.

అందరు పోయినంక బయటికొచ్చి చూస్తే నా చెప్పులు లేవు! మొన్ననే కొన్న కొత్తయి. అటు ఎతికిన, ఇటు ఎతికిన. మిగిలింది ఒక్క జత. గిదిగో, ఈ పిన్నీసు జత. లక్ష్మక్క నవ్వాపుకుంట, "ఫికర్ చెయ్యకు బిడ్డా. గుడికాడ చెప్పులు పోతె శని పోయినట్టే!" అన్నది.

నేను కట్టిన గుడి మందికి నిజంగ గుడి లెక్క అనిపిస్తదా లేదా అని ఇంకో ఏడాది పరీక్షలు చెయ్యాలంట. ఇంకేం పరీక్షలు? చెప్పులు పోయినయంటే అది గుడే!