చిటికెడు జింక్ పొడి

పరంధామయ్య ఉప్పల్ దగ్గర ఒక ప్రయోగశాలలో ముప్ఫయ్యొక్క ఏళ్లు అటెండరుగా పనిచేశాడు. గాజుసామాను కడగడం ఆయన పని. రిటైరయ్యాక నాచారంలో, మేము అద్దెకుండే ఇంటి మేడ మీద, ఒక గదిలో సొంత ప్రయోగశాల పెట్టుకున్నాడు. అందులో జరిగేది ఒకటే పరీక్ష.

నీళ్లలో నైట్రేట్ ఉన్నా దానంతట అది రంగు చూపించదు. చిటికెడు జింక్ పొడి వేస్తే నైట్రైట్ అవుతుంది. అప్పుడు మందు చుక్క వేస్తే గులాబీ రంగు వస్తుంది. కాలనీలో దొరికిన ప్రతి నీటినీ ఆయన పరీక్షించాడు, పానీపూరీ బండి నీళ్లతో సహా.

మా బోరు నీళ్లు ముదురు గులాబీకి తిరిగాయి. కింది వాటాలో హిమజ రెండు నెలల పాపకు ఆ నీళ్లతోనే డబ్బాపాలు కలుపుతోంది. ఇరవై నిమిషాలు మరిగిస్తున్నానని ఆమె చెప్పింది. మరిగిస్తే నైట్రేట్ పోదనీ, ఇంకా చిక్కబడుతుందనీ, పసిపిల్లల ఒళ్లు నీలం తిరుగుతుందనీ ఆయన అన్నాడు. ఆమె భర్త జీవన్ నమ్మలేదు.

ఆదివారం బోరు దగ్గర అందరి ముందూ పరీక్ష పెట్టారు. కాలనీ సంఘం అధ్యక్షుడు జనార్ధనరావు కుర్చీ తెప్పించుకున్నాడు. ఇంతమంది చూస్తుండగా చిటికెడు చాలదనిపించి, పరంధామయ్య చెంచాడు పొడి వేశాడు. పది నిమిషాలైనా నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. జనార్ధనరావు బోరుకు శుభాకాంక్షలు చెప్పాడు. జనం టిఫిన్లకు వెళ్లిపోయారు.

పొడి ఎక్కువైతే నైట్రేట్ నైట్రైట్ దగ్గర ఆగదు, దాన్నీ దాటిపోతుంది. ఇక రంగు రాదు. ఆ సంగతి ఆయనకు మెట్లెక్కుతుంటే గుర్తొచ్చింది. సగంలోనే వెనక్కి తిరిగి హిమజ తలుపు తట్టాడు.

"తప్పు నాదే బిడ్డా. పొడి ఎక్కువేసిన."

"రంగొస్తే నీళ్లు ఖరాబు. రాకుంటే నువ్వు ఖరాబా తాతా?" అన్నాడు జీవన్.

"అవు," అన్నాడు పరంధామయ్య.

హిమజ పాపను జీవన్ చేతికిచ్చింది. "చిటికెడంటే ఎంతనో సూపెట్టు తాతా. నేనేస్త."

ఆయన చూపించాడు. ఆమె వేసింది. వంటగది గట్టు మీద గాజు గొట్టంలోని నీళ్లు మెల్లగా గులాబీ రంగుకు తిరిగాయి.

హిమజ కలిపి పెట్టిన పాలసీసాను సింకులో వంచేసింది. జీవన్ పాపను ఆమెకు తిరిగిచ్చి, ఖాళీ క్యాను బండి మీద పెట్టుకుని మంచినీళ్లకు వెళ్లాడు.