అమెరికా దారి పట్టిన మా డ్రోను

ఇప్పుడంటే లైసెన్సులూ, ట్రైనింగులూ, మ్యాపులో పచ్చరంగు ఉన్నచోటే ఎగరేయాలనే రూల్సూ వచ్చినాయి గానీ, నేను ప్రొద్దుటూర్లో మా మామ ఫోటో స్టూడియోలో చేరిన రోజుల్లో డ్రోనంటే ఎగిరే కెమెరా, అంతే. అది పైకి లేచిందంటే పెండ్లికూతుర్ని కూడా ఎవరూ చూసేవాళ్ళు కాదు. మామంటే మా అమ్మ సొంత తమ్ముడు. మా నాయన బడిపంతులు, మా జేజినాయన బడిపంతులు, ఆయన నాయన మిషను బడిలో పంతులు. నేనేమో బీఈడీ చెయ్యనంటే చెయ్యనని మొండికేసి, ఇంట్లో వారం రోజులు నాయనకూ నాకూ మాటల్లేకుండా చేసుకున్నాను. ఆఖరికి మామ నడుమ పడి, ఆర్నెల్లు తన దగ్గర పెట్టమనీ, పని రాకపోతే తనే తీసుకపోయి బీఈడీలో చేర్పిస్తాననీ నాయన్ని ఒప్పించినాడు. ఆ ఆర్నెల్లలో ఐదు నెల్లు నేను చేసింది పెండ్లిండ్లలో లైటు పట్టుకోవడం, ఆల్బం అట్టలు తుడవడం. సాయంత్రాలు మామ ఏటి ఇసకలో డ్రోను ఎగరేయడం నేర్పిస్తాండె గానీ, అసలు పని మీద మాత్రం రిమోటు ముట్టనిస్తే ఒట్టు.

ఆరో నెల్లో జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో చర్చి కోతల పండగ వచ్చింది. కొత్త పంటలో మొదటి భాగం అందరూ నెత్తిన పెట్టుకుని ఊరేగింపుగా చర్చికి తెచ్చి ఇస్తారు, తర్వాత వాటినే వేలం పాడుకుంటారు. అక్కడి అయ్యగారికి (పాస్టరును మేమట్లే అంటాం) ఒకటే కోరిక: దూరాన చేను గట్టు నుంచి చర్చి గోపురం దాకా ఊరేగింపంతా తెంపు లేకుండా ఒకే షాటులో రావాల. కింద వీడియో తీయాల్సింది మామే కాబట్టి రిమోటు నాకిచ్చక తప్పలేదు. "ఇదొక్కటి బాగా తీస్తివా, మీ నాయనతో నేను మాట్లాడతా పాపా. డ్రోనుకు ఏమన్నా అయిందా, సోమవారమే బీఈడీ" అన్నాడు. స్టూడియోకు ఉన్నది ఆ ఒక్క డ్రోనే.

కష్టమేందంటే, మా డ్రోను కొంచెం దూరం పోయిందంటే చాలు, బొమ్మ ముక్కలు ముక్కలయ్యేది. దాని తప్పు కాదు. రేడియో సిగ్నలు ఎంత గట్టిగా పంపొచ్చో ఒక్కో దేశానికి ఒక్కో చట్టం. ఫోను ఏ దేశంలో ఉందో చూసి, డ్రోను యాపే దాని గొంతు తగ్గిస్తుంది. ఈ సంగతి నాకు చెప్పింది పులివెందుల బస్టాండు కాడ సెల్లులు బాగుచేసే సెల్లు డాక్టరు (ఆ డాక్టరు పట్టా బోర్డు రాసేవాడిచ్చిందే). అమెరికాలో అయితే డ్రోను ఎంత గట్టిగా అరిచినా ఏమనరంట. ఆయప్ప నా ఫోను తీసుకుని, అసలు యాపు తీసేసి, యాడనో మార్చిన యాపు ఎక్కించి, నా ఫోను అమెరికాలో ఉన్నట్టు దాన్ని నమ్మించినాడు. "ఇంగ నీ ఫోను యాడుందో నీ ఫోనుకే తెలీదు" అన్నాడు శానా గర్వంగా. ఏట్లో ఎగరేసి చూసుకుంటే బొమ్మ అద్దం మాదిరి వచ్చింది. తప్పని తెలీదా అంటే తెలుసు. తెలీకుంటే మామకెందుకు దాచిపెడతాను? చట్టాలు చేసేవాళ్ళు మా చేల పొడవు చూసింటే ఇట్లాంటి రూలు పెట్టరని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఇరవై ఒక్కేండ్లకు మనమే జడ్జీలం కదా.

పండగనాడు గుమ్మడికాయలు, జొన్నకంకులు, అరటిగెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు నెత్తిన పెట్టుకుని జనం బయల్దేరినారు. నేను చేను గట్టున డ్రోను లేపి, వాళ్ళతోపాటే చర్చి దిక్కు నడుచుకుంటా వస్తాన్నాను. సగం దూరంలో ఫోను తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: మీరు కదిలినారు, ఇప్పుడు మీరున్న చోటునే ఇల్లుగా మార్చమంటారా అని. (డ్రోనుకు ఇల్లంటే, బటన్ నొక్కగానే తనకు తానే తిరిగొచ్చి దిగాల్సిన చోటు.) ఎంత మర్యాద తెలిసిన యాపో అనుకుని సరేనని నొక్కినాను. నేనున్నది జమ్మలమడుగు పక్కన, నా ఫోనున్నది అమెరికాలో అన్న ముచ్చట ఆ క్షణాన నా మట్టి బుర్రకు తట్టలేదు.

షాటు ఎంత బాగా వచ్చిందో నేనే చెప్పుకోకూడదు. ఆ సంబరంలో చర్చి ముందర నిలబడి, అందరూ చూస్తాండంగా, ఇంటికి రమ్మనే బటన్ ఒంటి వేలితో ఠీవిగా నొక్కినాను. డ్రోను ఇంకా పైకి లేచింది, నిదానంగా వెనక్కి తిరిగింది, చర్చికి వీపు చూపించి ఉత్తరంగా పోవడం మొదలుపెట్టింది. తెర మీద చూస్తే, ఇంటికి ఇంకా ఉన్న దూరం ఐదంకెల కిలోమీటర్లు. అప్పుడు తెలిసొచ్చింది నాకు, గుండ్రటి భూమ్మీద అమెరికాకు దగ్గరి దోవ ఉత్తరంగానే అని. ఆపమని నొక్కితే సెల్లు డాక్టరు యాపు ఉన్నపళాన బిగుసుకపోయింది. జనమేమో ఇది కూడా ప్రోగ్రాములో భాగమనుకుని చప్పట్లు కొట్టినారు. మన పొలాలన్నీ చుట్టొస్తుందని అయ్యగారు మైకులో సంతోషంగా చెప్పినాడు. పది నిమిషాలయినాక అదే మైకులో, అది క్షేమంగా తిరిగి రావాలని చిన్న ప్రార్థన చేసుకుందామన్నాడు. పుట్టినప్పటి నుంచి ప్రతి ఆదివారం చర్చికి పోయిన మనిషిని, అంత నిజంగా ప్రార్థన చేసింది మాత్రం ఆ రోజే.

ఏమైందని మామ అడిగితే గాలి కొట్టుకపోయిందన్నాను. మామ పక్కనున్న యాపచెట్టు దిక్కు చూసినాడు. ఒక్క ఆకు కదలడం లేదు. బండి తీసినాడు. కోసిన శనగచేల మధ్యన దుమ్ము మింగుకుంటా ఉత్తరంగా పోతాంటే, నాకు కండ్ల ముందర సోమవారం కనపడతాంది. గట్టున కూర్చున్న ఆడోళ్ళను పైన ఏమన్నా పోయిందా అని అడిగితే, పోయింది, శానా పని మీద ఉన్నట్టు పోయింది అన్నారు.

ఇంకో మూడు చేలు దాటినాక ఒక ముసలి గొర్లాయన కనపడినాడు. చేతిలో కట్టె, పక్కన గొర్రెపిల్లల్ని మూసిపెట్టే వెదురు గంప బోర్లించి, దాని మీద రాయి. గంప సందుల్లోంచి మా డ్రోను ఎర్రలైటు మినుకుమంటాంది. బ్యాటరీ అడుగంటి, సరిగ్గా ఆయన మంద నడుమ దిగిందంట. గొర్లు బెదిరి నాలుగు దిక్కులకూ చెదిరిపోయినాయి. మామ గంప మీద చెయ్యేయబోతే, పెద్దాయన కట్టె అడ్డం పెట్టి, తప్పిపోయిన గొర్రెను విడిపించుకునేదానికి వచ్చినోళ్ళను అడిగినట్టే గుర్తులడిగినాడు. చెవి కోత లేదు, ముద్ర లేదు, మీదేనని ఎట్ల నమ్మాలన్నాడు. డ్రోను అడుగున అంటించిన స్టూడియో స్టిక్కరు సంగతి మామ చెప్పినాక కూడా ఆయనకొక అనుమానం మిగిలింది.

"యా జీవమైనా ఇడిసిపెడితే ఇంటి దోవ పడుతుంది. ఎవరో మరిపిస్తే తప్ప దోవ మరిచిపోదు. ఇది యాడికి పోతాండె?"

మామ నా దిక్కు చూసినాడు. ఇంక అబద్ధానికి ఓపిక లేకపోయింది.

"అమెరికాకు," అన్నాను.

పెద్దాయన నవ్వలేదు. ఉత్తరంగా శానా సేపు చూసి, "ఈ పక్క కోవెలకుంట్ల గదమ్మా," అన్నాడు.

ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి, సెల్లు డాక్టరు దగ్గర్నుంచి సరేనని నొక్కినదాకా అంతా కక్కేసినాను. చెదిరిపోయిన జీవాలు మందలో కలిసినాకనే గంప ఎత్తుతానన్నాడు పెద్దాయన. న్యాయమే కదా. పండగని ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకొచ్చిన మామ ఒక దిక్కు, నేనొక దిక్కు పొద్దుగూకే దాకా గొర్ల వెనక పరిగెత్తినాం. అవి మమ్మల్ని చూస్తే ఇంకొంచెం దూరం పోతాండె, పెద్దాయన నాలుక కొట్టి పిలిస్తే మాత్రం తిన్నంగా వస్తాండె. చివరికి ఆయనే పిలుచుకున్నాడు, మేము చేసిన సాయమల్లా పరిగెత్తడం ఆపడమే. గంప ఎత్తుతా చెప్పినాడు, డ్రోను దిగేటప్పుడు కట్టెతో ఒకటి వేద్దామనుకున్నాడంట గానీ, అలిసిపోయిన దాని మాదిరి కనపడేసరికి చెయ్యి రాలేదంట.

వచ్చేటప్పుడు దోవలో మామ బండి ఆపి ఫోను తీసినాడు. నాయనకే. ఇంట్లో ఆ వారం రోజుల మౌనం, గెలిచినట్టుగా నాయన మొగం, అన్నీ ఒకేసారి గుర్తొచ్చినాయి.

"పాప బాగా ఎగరేసింది బావా," అన్నాడు మామ, నా దిక్కు చూడకుండా. "కొంచెం దూరం పోయింది, అంతే."

ఫోను జేబులో పెట్టుకుని, ఇంటికి పోయేలోపు ఆ దొంగ యాపు తీసెయ్యమని చెప్పి బండెక్కినాడు. నేను వెనక కూర్చుని, మామకు వినపడకుండా ఏడ్చినాను.

ఇప్పుడు నేను లైసెన్సున్న మనిషిని. పులివెందుల చీనీ (బత్తాయి) తోటల్లో మందు కొట్టే డ్రోన్లు నడిపేదానికి పిల్లలకు నేర్పిస్తాను, రూల్స్ గురించి మా నాయన కంటే ఎక్కువ పాఠం చెప్తాను (బీఈడీ లేకుండానే). అప్పుడప్పుడు ఎవరో ఒకరు సిగ్నలు పెంచే ఉపాయమేమన్నా ఉందా అని గుసగుసగా అడుగుతారు. వెంటనే నా గొంతు గట్టిదవుతుంది. ఇంటికొచ్చినాక మాత్రం ఆ ఇరవై ఒక్కేండ్ల మొండిపిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. అట్లాంటి పిల్ల ఈరోజు నా దగ్గరికొచ్చి, అంత పని చేసి, గాలి అని అబద్ధం కూడా చెప్పిందనుకో, మరుసటి వారం దాని చేతికి మళ్ళీ రిమోటు ఇస్తానా? ఇయ్యననే అనుకుంటాను. మామ ఇచ్చినాడు.