మిర్గం నాడు ఏ లోతుకు ఏ ఎర

మృగశిర కార్తె మొదటి రోజును మా దిక్కు మిర్గం అంటరు. ఆ రోజు చేప వండని ఇల్లు వెతికినా దొరకదు. తింటే ఏడాదంతా దగ్గు, దమ్ము దగ్గరికి రావని నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. మూడో తరగతితో బడి నన్ను విడిచిపెట్టింది గాని పుస్తకాలను నేను విడిచిపెట్టలేదు. మనిషి ఊపిరి ఎట్ల తీసుకుంటడో బొమ్మలతో సహా చదువుకున్న. తిన్న చేప కడుపులోకి పోతది, ఊపిరితిత్తుల్లోకి పోదు. ఈ మాట ఇంట్లో అన్నప్పుడల్లా మా ఇంటామెది ఒకటే జవాబు.

"నీ పుస్తకం నువ్వు వండుకో. నాకు ఏటి చేప తే."

ఆమె ఊహ తెలిసిన కాడినుంచి బీడీలు చుట్టింది. ఒడిలో చాట, చాటలో తంబాకు, వంచిన మెడ. ఆ దుమ్ము ఇప్పుడు ఆమె రొమ్ములో గూడు కట్టుకున్నది. చుట్టినన్ని రోజులు ఆమె వేళ్ల వేగం అందరికీ కావలసివచ్చింది. దమ్ము పట్టినంక మనిషి బతికున్నదా అని అడిగినోడు లేడు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు పండ్లు పటపటమంటయి. దవాఖానాలో ఇచ్చిన మందు నోట్లో పెట్టుకుని పీలుస్తది, గోడకు ఆనుకుని కూసుంటది. ఈ ఎండకాలం అన్నం మీద కూడా మనసు పోయింది. రెండు బుక్కలు మింగి పళ్లెం పక్కకు జరుపుతది. నేను బతిమాలిన, తిట్టిన.

"మిర్గం రానియ్యి," అన్నది. "ఏటి చేప తెస్తవు గద. అప్పుడు కడుపునిండ తింట."

చెరువుల్లో పెంచిన చేప ఆమెకు పడదు. దాణా వాసన అంటది. పెండ్లయిన కాడినుంచి మిర్గానికి గోదావరి చేపనే మా ఇంట్లో ఉడికింది, అది నా గాలానికి పడ్డదే. అందుకే నేను నమ్మని పండుగ కోసం, ఆమె కడుపునిండ తినే ఒక్క పూట కోసం, ఈ ఏడు కూడా గాలాలు దులిపిన.

ఏ లోతుకు ఏ ఎర అన్నది నాకు నోటికి వచ్చు. పై నీళ్లు కొర్రమట్టవి. ఒడ్డు పక్క తుంగలో, గుర్రపుడెక్క కింద పొంచి ఉంటది, గాలి కోసం మీదికి వస్తది. దానికి బతికిన కప్ప కావాలె. కప్పను గాలానికి గుచ్చి ఆకుల మీద ఎగిరించుకుంట తేవాలె. అది అందుకున్నంక గుంజొద్దు. నోట్లో కప్పను తిప్పుకుని మింగేదాక, ఒక బీడీ ముట్టించుకునేంత సేపు, దారం వదులుగా ఇయ్యాలె. తొందరపడ్డోనికి ఉత్త గాలమే దక్కుతది. నడిమి నీళ్లు రవ్వవి, బొచ్చవి. తవుడు, బెల్లం, గోధుమపిండి పిసికిన ముద్దను బెండు కింద వేలాడదీయాలె. అడుగు నీళ్లల్లో జెల్ల, వాలుగ. జెల్లకు ఎర్ర, అదే వానపాము. వాలుగకు బతికిన పరక చేప. సీసం గుండు అడుగున ఆనాలె గాని ఎర మాత్రం అడుగుకు జానెడు మీద ఆడుతుండాలె.

మంచిర్యాల దాటినంక ఏరు వంపు తిరిగే చోట ఒక మడుగున్నది. ఎండకాలం ఏరంతా ఇసుక తేలినా ఆ మడుగు మూడు బారల లోతు ఉండేది. బార అంటే రెండు చేతులు చాచినంత. మా ఒడ్డు మీద లోతు కొలుచుడు నామోషి. దారానికి రాయి కట్టి నీళ్లలోకి వదిలినోన్ని చూస్తే, "ఏ ఊరి సుట్టమయ్యా?" అని నవ్వేటోళ్లు. బాపు నోటినుంచి విన్న లోతే లోతు.

కింద ఆనకట్ట కట్టినంక ఏరు తీరు మారింది. గేట్లు మూస్తే నీళ్లు పొలాల మీదికి ఎక్కుతయి, తెరిస్తే తెల్లారేసరికి బండలు బయటపడతయి. నిండుగా ఉన్నప్పుడు కార్లు ఆపి ఫోటోలు దిగుతరు, సముద్రం లెక్కున్నదని మురుస్తరు. నిలవనీళ్ల కింద ఏం పేరుకుంటున్నదో వంగి చూసినోడు లేడు. నేను మాత్రం చూసిన్నా?

మిర్గం పొద్దున నా వెంట మా బామ్మర్ది వచ్చిండు. బొగ్గుబాయిలో నౌకరీ చేసి దిగిపోయిన మనిషి, అరవై దాటినా అక్క ముందర ఇంకా చిన్నోడే. చంకలో ఒక ప్లాస్టిక్ డబ్బా. ఒడ్డు మీద తెరిచిండు. చెంచా లెక్క మెరిసే రేకులు, రంగురంగుల ప్లాస్టిక్ చేపలు, కాళ్లకు రబ్బరు కుచ్చులున్న కప్ప.

"ఇదేందిరా, జాతరల కొన్నవా?" అన్న.

"నవ్వు బావా, నవ్వు. గీ చేప మూతి కింద రేకున్నది సూడు. గుంజుతుంటే అదే ముంచుతది. పెద్ద రేకుదైతే లోతుకు పోతది, చిన్న రేకుది మీది మీదికి ఆడుతది. ఎర్రలు తవ్వే పని లేదు, కప్పల ఎంట ఉరుకుడు లేదు."

"వాసన లేని ఎరను ఏ చేప ముడుతది?"

"నా పెండ్లిల వాసన లేని కూర నువ్వు రెండుసార్లు ఏయించుకోలే?"

నేను వాలుగ కోసం మడుగులోకి మూడు బారల లెక్కన గాలం వదిలిన. పరక చేప చురుకుగా ఉన్నది. దారం బిగువుగా నిలవాలె గాని వదులుగా నీళ్ల మీద తేలింది. గాలికి అట్లున్నదనుకున్న. పొద్దెక్కింది. ఒక్క కదలిక లేదు. తీసి చూస్తే పరక చచ్చి ఉన్నది, ఒంటి నిండ నల్లటి బురద, మోరీ వాసన.

బామ్మర్ది తంగూసు దారానికి ఒక రాయి కట్టి మడుగులోకి ఇసిరిండు. నేను ముఖం పక్కకు తిప్పుకున్న. అట్ల కొలుస్తుంటే చూసే ఖర్మ కూడా పట్టింది.

"బావా, ఒక్క బార సుత లేదు. కిందంతా ఒండ్రే. పొద్దటిసంది నువ్వు బురదకు మేపుతున్నవు."

మూడు బారల మడుగు! మా బాపు ఈత నేర్పిన మడుగు పూడిపోయిందని చెప్పటానికి ఒక్క నోరు లేదు ఈ దేశంలో. పూడ్చినోనికి తెలియదు, ఫోటోలు దిగినోనికి తెలియదు. గట్టిగా తిట్టిన. తిట్లు నీళ్ల మీద పోయినయి, ఎవరికీ తాకలే.

మడుగు విడిచి నడిమి నీళ్లకు మారినం. పిండిముద్ద పెడితే, ఎవడు తెచ్చి వదిలిండో ఆ జిలేబి చేప పిల్లలు, వేలంత కూడా లేనివి, పొడిచి పొడిచి కరిగించినయి. బామ్మర్ది పెద్ద రేకు చేపను లోతుకు పంపిండు. అది నీళ్లలో మునిగి చచ్చిన తుమ్మ చెట్టుకు తట్టుకున్నది. గుంజితే దారం తెగింది. "పోనీ, తుమ్మకు మిర్గం అయింది," అని తనే నవ్వుకున్నడు.

ఇక మిగిలింది ఒడ్డు. గుర్రపుడెక్క గజం మందాన అల్లుకుని ఉన్నది, నడుమ నడుమ చిన్న సందులు. నా కప్పల బుట్ట ఖాళీ. వానలు లేవు, కప్పలు ఎక్కడ దొరుకుతయి? బామ్మర్ది రబ్బరు కప్పను విసిరిండు. ఆకుల మీద టపటప ఎగిరించుకుంట తెచ్చిండు. బాగానే ఆడిస్తున్నడు, ఆ మాట పైకి అనలే. ఒక సందు కాడికి వచ్చేసరికి ఆకులు కింది నుంచి లేచినయి. బుడుంగున చప్పుడు. నల్లటి వీపు, ముంజేయంత, నా కండ్లతో చూసిన. కొర్రమట్ట. ఇంట్లో ఆమె, కడుపునిండ తింట అన్న మాట, అన్నీ ఒక్కసారి యాదికి వచ్చినయి.

"గుంజకు! గుంజకురా! మింగనియ్యి!" ఒర్రిన.

చిన్నప్పటి నుంచి చేపల కాడ నా మాట దాటినోడు కాదు. చేయి ఆపిండు. దారం వదిలిండు. నేను లోపల లోపల లెక్కపెడుతున్న, ఇంకొంచెం, ఇంకొంచెం అని. దారం కొంచెం కదిలింది, ఆగింది. "ఇగ గుంజు" అన్న. గుంజిండు. రబ్బరు కప్ప ఒక్కటే ఎగిరివచ్చి మా కాళ్ల మధ్య పడ్డది.

బామ్మర్ది కప్పను తీసి అరచేతిలో పెట్టుకుని అన్నడు. "బావా, అది నిజం కప్పయితే మింగుతది. రబ్బరు నోటికి తగలంగనే ఉమ్మేస్తది. అందుకున్నప్పుడే గుంజాలె."

"ముందుగాల చెప్పకపోయినవ్?"

"నువ్వు చెప్తుంటివి గద."

మల్ల మల్ల విసిరినం. ఆ సందు మల్ల కదలలే.

ఎండ నెత్తి మీదికి వచ్చినంక మంచిర్యాల రోడ్డు మీదికి ఎక్కినం. అక్కడ మిర్గానికి చేపల తొట్లు పెడతరు. పెంచిన చేపలే. "ఒకటి కొందాం బావా, అక్కకు ఏం తెలుస్తది?" అన్నడు. ఇంకో ఏడు అయితే వాన్ని తిట్టేటోన్ని. ఈ ఏడు తొట్ల ముందర నిలబడ్డ. ఆమెకు మొదటి బుక్కకే తెలుస్తదని తెలిసి కూడా నిలబడ్డ. తొట్లు ఖాళీ. చేపలమ్మే ఆమె నీళ్లు మోరీలో పారబోస్తున్నది. "ఎండెక్కినంక వస్తరా మిర్గం నాడు?" అని మమ్మల్నే గదిమింది.

ఇంటికి పోయేసరికి గడప కాడనే వాసన తగిలింది. చింతపండు, మెంతులు, వేయించిన ధనియాల పొడి. పులుసు మరుగుతున్నది. మా ఇంట్లో చేప ముక్కలు ఆఖరికి వేస్తరు, పులుసు చిక్కబడ్డంక. ఆమె పొయ్యి పక్కన పీట వేసుకుని, గోడకు ఆనుకుని, ఒక చేత్తో గంటె పట్టుకుని ఉన్నది. కూసుని వండటానికి ఎంత దమ్ము ఖర్చయిందో ఆమె భుజాలు చెప్తున్నయి.

మా చేతులు చూసింది.

"ఏం పడలే?"

"పడలే," అన్న.

"వచ్చింది అక్కా, గింత కొర్రమట్ట," అని బామ్మర్ది ముంజేయి చూపించిండు. "తప్పిపోయింది."

"మీ బావ ఉండంగ తప్పిపోయిందా?"

వాడు నా దిక్కు చూడలే. "నా చెయ్యే వణికింది," అన్నడు. నేను నోరు తెరవబోతే, "అన్నం పెట్టక్కా, పొద్దటిసంది ఏం తిన్లే," అని అడ్డం వచ్చిండు.

ఆమె పొయ్యి ఆర్పింది. తర్వాత మూడు పళ్లాలలో అన్నం పెట్టింది, చేపలు లేని చేపల పులుసు పోసింది. ముగ్గురం కూసున్నం. కార్తె పదిహేను రోజులుంటది, రేపు పోతనని చెప్పాలనుకున్న. ఏ లోతుకు, ఏ ఎరతో పోతనో నాకే తెలియదు, అందుకే తల వంచి అన్నం కలుపుకున్న. ఆమె ఒక బుక్క కలిపింది. నోట్లో పెట్టుకునే ముందు, అలవాటు చొప్పున, వేళ్లతో అన్నాన్ని నొక్కి నొక్కి ముండ్లు వెతికింది. ఏమీ తగలలే. ఆ బుక్కను మల్ల పళ్లెంలోనే పెట్టింది.