మరియమ్మ గారి ఇంగ్లీషు క్యాసెట్టు

మొన్న ఘాటీ దిగువన టీ తాగడానికి ఆగినప్పుడు, అరకు నుంచి దిగి వచ్చిన టూరిస్టు బస్సొకటి మా పక్కనే నిలిచింది. మాడిన బ్రేకుల కమురు వాసన ముక్కుకు తగలగానే టీ గ్లాసు పక్కన పెట్టేశాను. ఇన్నేళ్ళయినా ఆ వాసన నన్ను తీసుకెళ్ళి మరియమ్మ గారి జీపులోనే కూర్చోబెడుతుంది.

మరియమ్మ గారు అరకు దగ్గర మిషన్ వాళ్ళ చిన్న ఆసుపత్రిలో పెద్ద నర్సు. తొంభైల చివర్లో నేను ఆవిడ కింద కొత్తగా చేరాను. డ్రైవరు మానేశాక ఇంకొకరి కోసం ఎదురుచూడకుండా, కొంగు నడుముకు దోపి జీపు తానే నడిపేవారు. నోరు గట్టిదైనా మనసు వెన్న అంటారు చూడండి, ఆవిడ విషయంలో అది సగమే నిజం. మనసూ గట్టిదే.

ఆ జీపులో ఉన్నది ఒక్కటే క్యాసెట్టు. ఎవరో విదేశీ వాలంటీరు వదిలి వెళ్ళిన ఇంగ్లీషు రాక్ బ్యాండుది, వాళ్ళ హిట్ పాటలన్నీ ఏరి కూర్చినది. అట్ట మీద నలుగురు మగవాళ్ళు. పెదాలకు రంగు, కళ్ళకు కాటుక, తళుకుల చొక్కాలు, ఎత్తు మడమల బూట్లు. చర్చి పెద్దలు చూస్తే ఏమంటారోనని నాకు ఒకటే దడ. ఆవిడకు ఆ చింత లేదు. "సినిమా పాటలైతే నేనూ పాడేసుకుంటాను, రోడ్డు మర్సిపోతాను. ఈళ్ళేటి అంటన్నారో నాకు తెలవదు, అదే మంచిది," అనేవారు. అసలు ఉపయోగం వేరే ఉంది. కొండ దిగడం మొదలుపెట్టగానే వేస్తే, మొదటి వైపు పాటలు అయిపోయేసరికి జీపు ఘాటీ సగంలో ఉన్న నీటి ఊట దగ్గరికి చేరేది. క్యాసెట్టు తిప్పడానికి అక్కడ ఆపి, బ్రేకులు చల్లారేదాకా కదిలేవారు కాదు. "పాట ఆగితే బండి ఆగాల, అంతే గుంటా!"

పాత ప్లేయరు పాడైతే కొత్తది పెట్టించారు. ఒక వైపు అయిపోగానే దానంతటదే రెండో వైపు అందుకునేది. చేత్తో తిప్పే బాధ తప్పిందని ఇద్దరం ముచ్చటపడ్డాం.

ఆ వారంలోనే దొన్ను అనే కొండ రైతు, నొప్పులు పడుతున్న భార్య బుద్రిని డోలీలో తీసుకొచ్చాడు. బిడ్డ అడ్డం తిరిగింది. ఆపరేషన్ కోసం కొండ కింద ఎస్.కోట ఆసుపత్రికి దిగాలి. బయట వాన, మంచు. నేను బుద్రి తల ఒడిలో పెట్టుకుని నాడి చూస్తున్నాను. పాటల మీద ఎవరికీ ధ్యాస లేదు. ఊట దాటిపోయిందని గానీ, మోగుతున్నది రెండో వైపని గానీ మేం గమనించనే లేదు. ఇంతలో కమురు వాసన. మరియమ్మ గారు బ్రేకు తొక్కితే పెడల్ అడుగంటా పోయింది గానీ బండి ఆగలేదు. గేరు తగ్గించి, జీపును కొండ వైపు గట్టుకు రాసి ఎలాగో నిలిపారు.

చక్రాలు పొగలు కక్కుతున్నాయి. "ఎందుకాపినావమ్మా? బేగి తోలు!" అని దొన్ను అరిచాడు.

"బ్రేకులు పడతన్నేదు. ఇప్పుడు తోల్తే అందరం లోయలోకే," అని ఆవిడ స్టీరింగు వదలకుండా కూర్చున్నారు. అంత భయం నేను మళ్ళీ ఎప్పుడూ పడలేదు. బుద్రి చెయ్యి చల్లబడుతున్నట్టు తోచినప్పుడల్లా నాడి వెతుక్కున్నాను. ఆ దారిన ఇంకో బండి రాలేదు.

బ్రేకులు చల్లారాక, చివరికి ఎస్.కోట చేరాం. బుద్రి బతికింది. బిడ్డ దక్కలేదు.

వరండాలో దొన్ను గోడకు ఆనుకుని, "మా రాత ఇంతే," అన్నాడు. ఆ మాటతో అంతా ముగిసిపోయేదే. ఆవిడ ఏం చెప్పబోతున్నారో తెలిసి నేను కొంగు పట్టి లాగాను. విదిలించుకుని అతని ఎదుట నేల మీద కూర్చున్నారు.

"రాత కాదు దొన్నూ. ఊట కాడ నేను ఆపాల, ఆపనేదు. ఆపుంటే బ్రేకులు పోవు, దారిలో అంతసేపు ఆగిపోం. అప్పుడైనా బిడ్డ బతికేదో లేదో నాకు తెలవదు. తప్పు మాత్రం నాది."

అతను లేచి వానలోకి వెళ్ళిపోయాడు.

"అతను అడగలేదు కదమ్మా, ఎందుకు చెప్పారు?" అన్నాను కోపంగా.

"అడగడానికి ఆడికేటి తెలుసే? తెలిసినదాన్ని నేనే కదా."

రెండేళ్ళకు బుద్రికి మళ్ళీ నొప్పులొస్తే దొన్ను మా గుమ్మంలోనే నిలబడ్డాడు. వేరే బండి పిలిపిస్తానని మరియమ్మ గారు అన్నారు. "వొద్దు, నువ్వే తోలమ్మా. నువ్వయితే ఏటి జరిగినా సెప్తావు," అన్నాడతను.

ఆవిడ పోయి చాలాకాలమైంది. నేనిప్పుడు ఒక పెద్దాసుపత్రిలో ప్రసూతి వార్డు చూస్తున్నాను. లోపల ఏదైనా పొరపాటు జరిగిన రోజు, బయట కూర్చున్నవాళ్ళకు ఆ సంగతి తెలియదని నాకు తెలుసు. తెలియనివ్వకుండా ఉండటం ఎంత తేలికో కూడా తెలుసు.  అయినా తలుపు తీసుకుని వాళ్ళ దగ్గరికి నడుస్తాను.