ఎవరి చాప వాళ్ళది

ఆమెకు కోపం ముక్కు మీద ఉంటుందని బడిలో అందరూ అనేవారు. అది నిజం కాదు. ముక్కు మీది కోపం ఒక తుమ్ముతో పోతుంది. ఆమె కోపం కడుపులో ఉండేది, పైన బూడిద కప్పుకున్న నిప్పులా.

ఆమె ఆటల టీచరు. నడక రాని పిల్లలు, మాట రాని పిల్లలు, మనిషి మొహం కేసి చూడని పిల్లలు వచ్చే చిన్న బడి అది. మూడు గదులు, ఒక వరండా, సిమెంటు చేసిన ముంగిలి, ముంగిలి అంచున వాననీళ్ళు పోయే కాలవ. తల్లులు ఎదురుగా "టీచర్ గారూ" అనేవారు. గేటు దాటాక "చిటపటక్క" అనేవారు. ఆమెకు రెండూ వినపడేవి.

ఆ నిప్పు ఆమె చిన్నతనంలో రాజుకుంది. తమ్ముడికి పుట్టుకతోనే మాట లేదు, కాళ్ళు నిలవవు. ఇంటికి చుట్టాలెవరు వచ్చినా వాడికొక బొమ్మ తెచ్చేవారు. ఒళ్ళో పెట్టి, తల నిమిరి, "పాపం" అని వంటింట్లోకి కబుర్లకు పోయేవారు. వీధిలో ఏ పిల్లవాడికీ లేనన్ని బొమ్మలు వాడికి ఉండేవి. ఆడేవాళ్ళు మాత్రం లేరు. ఆమె ఎప్పుడైనా వాడి బొమ్మ లాక్కుంటే వాడి మొహం ఎర్రబడేది, కేక పెట్టేవాడు, చెయ్యి చాచేవాడు. వెంటనే అమ్మ వచ్చి ఆమె వీపు మీద ఒకటి వేసేది.

"వాడి జోలికి పోకు. వాడి మానాన వాణ్ణి ఉండనీ."

అందరూ అలాగే ఉండనిచ్చారు. ఇప్పుడు వాడికి నలభై దగ్గర పడుతోంది. ఆమె ఇంట్లోనే, కిటికీ పక్కన, బొమ్మ కారు చక్రం తిప్పుతూ కూర్చుంటాడు. పెడితే తింటాడు. చెయ్యి చాచడం ఎప్పుడో మానేశాడు.

అందుకే బడిలో ఇద్దరు పిల్లలు ఒక బొమ్మ కోసం జుట్లు పట్టుకుంటే మిగతా టీచర్లు విడదీయడానికి పరుగెత్తుకొచ్చేవారు, ఆమె చేతులు కట్టుకుని చూసేది. "కొట్టుకోవాలంటే ముందు ఎదుట ఇంకొకడున్నాడని తెలియాలి" అనేది.

"అది తెలియడానికి పళ్ళూడాలా అమ్మా?" అనేవాడు బడి సూపరింటెండెంటు. ఆయన చెడ్డవాడు కాడు. భయస్తుడు.

ఆ బడిలో ఒక కండక్టరమ్మ కూతురు ఉండేది. కాళ్ళు స్వాధీనంలో లేవు గానీ నోరు పదిమంది పెట్టు. బస్సులో తల్లి అరిచే గొంతు దానికి పుట్టుకతో వచ్చింది. దానికి "మైకు" అని పేరు పడింది. ఇంకొకడు ఉండేవాడు. ఎవరి మొహమూ చూడడు, పిలిస్తే పలకడు, తాడు ముక్క దొరికితే వేళ్ళకు చుట్టుకుంటూ గోడ పక్కన నిలబడతాడు. వాణ్ణి పెంచే అమ్మమ్మ "దొరగారు" అంటుంది.

"పుట్టిన దగ్గర్నుంచి నా మొహం చూడలేదండీ దొరగారు. చూడదగ్గ మొహం కాదనుకోండి, అది వేరే సంగతి."

టీచరు ఒక చెక్కబండి చేయించింది. పొట్టి బండి, చిన్న చక్రాలు, ముందొక తాడు. కూర్చున్నవాళ్ళు లాక్కోలేరు, లాగేవాళ్ళు కూర్చోలేరు. ఒక్కళ్ళే ఆడదామంటే అది ఉత్త చెక్క. మైకును బండిలో కూర్చోబెట్టి, తాడు కొస దొరగారి కాళ్ళ దగ్గర పడేసి, ఆమె దూరంగా వెళ్ళి కూర్చుంది.

మొదట్లో వాడు తాడు చుట్టుకుంటూ నిలబడేవాడు. మైకు తిట్టేది. "లాగరా. నిలబడి నిద్రపోతావేం, గుర్రానివా?" ఒకరోజు తాడు వేళ్ళకు బిగుసుకుంటే విడిపించుకోబోయి లాగాడు. బండి కదిలింది. మైకు పకపకా నవ్వింది. వాడు ఆగాడు. నవ్వు ఆగింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ నవ్వు. ఆ నవ్వు ఎక్కడినుంచి వస్తోందో చూడటానికి వాడు వెనక్కి తిరిగాడు.

ఆ పూట టీచరు ఎవరినీ తిట్టలేదు.

తరవాత "పద" అంటే పోవడం, "ఆగు" అంటే ఆగడం వచ్చాయి. ఒక మధ్యాహ్నం మైకు "జోరుగా" అంది. వాడు పరిగెత్తాడు. చక్రం కాలవ అంచున పడింది, బండి బోర్లా పడింది, మైకు గడ్డం చీలి కుట్లు పడ్డాయి.

సూపరింటెండెంటు బండిని సామాన్ల గదిలో పెట్టి తాళం వేశాడు. ఊరంతా తిరిగి, అడగరానివాళ్ళనీ అడిగి, దీపాలు వెలిగే బొమ్మలు, పాటలు పాడే బొమ్మలు తెచ్చాడు. పిల్లకొక బొమ్మ, పిల్లకొక చాప. చాపకీ చాపకీ మధ్య చెయ్యి అందనంత దూరం. ఎవరి చాప వాళ్ళది, ఎవరి బొమ్మ వాళ్ళది. గొడవ లేదు, ఏడుపు లేదు. చూడవచ్చినవాళ్ళు వరండాలో నిలబడి "ఎంత బుద్ధిగా ఉన్నారో" అన్నారు.

"బుద్ధి కాదండీ," అంది ఆటల టీచరు వాళ్ళ ఎదుటే. "దిక్కులేనితనం."

మైకు తన బొమ్మ డోలు వాయించి వాయించి మానేసింది. దొరగారు తన రైలును తలకిందులు చేసి చక్రం తిప్పుతూ కూర్చున్నాడు. ఆ గదిలో టీచరుకు తన ఇంటి కిటికీ కనపడింది.

అంతటితో ఆగలేదు. దొరగారిని ఇకమీదట సాయంత్రం, మిగతా పిల్లలు వెళ్ళాక, ఒక్కణ్ణే రప్పించాలని సూపరింటెండెంటు నిర్ణయించాడు. అది చెప్పడానికే కండక్టరమ్మనూ అమ్మమ్మనూ పిలిపించాడు.

కండక్టరమ్మ యూనిఫాంలోనే వచ్చింది. "పిల్లవాణ్ణి నేనేమీ అనను. వాడికేం తెలుసు? పెద్దవాళ్ళు ఏం చేస్తున్నారు అప్పుడు? అది చెప్పండి."

"అనుకోకుండా జరిగిందమ్మా. టీచర్ గారు అటు తిరిగి ఉన్నప్పుడు..."

"నేను అటు తిరిగి లేను," అంది ఆటల టీచరు. "చూస్తూనే ఉన్నాను. మీ అమ్మాయి జోరుగా అంది, వాడు పరిగెత్తాడు. ఆపగలిగేదాన్ని. ఆపలేదు."

సూపరింటెండెంటు కళ్ళు మూసుకున్నాడు.

"ఆపలేదా?" అంది కండక్టరమ్మ.

"లేదు. మీ అమ్మాయిని ఇన్నాళ్ళూ అందరూ మోశారు. దాని మాటకు పరిగెత్తినవాడు వీడొక్కడే. కాలవ ఉందని చూసుకోలేదు, అది నా తప్పు. దానికి నన్ను పంపెయ్యండి. వాణ్ణి కాదు."

కండక్టరమ్మ కుర్చీ వెనక్కి తోసి లేచింది. "పరిగెత్తించి చూడటానికి నా పిల్ల గడ్డమే దొరికిందా నీకు? నీ ఇంట్లో పిల్లయితే ఇలాగే చూస్తూ నిలబడేదానివా?"

"మా తమ్ముడికి ఒక్క దెబ్బ తగలలేదు," అంది టీచరు. "నలభై ఏళ్ళు వస్తున్నాయి. వాడి ఒంటి మీద ఒక్క గీత లేదు. అంత భద్రంగా దాచాం."

అమ్మమ్మ కొంగు సర్దుకుంది. "సాయంత్రం ఒక్కణ్ణే కూర్చోబెట్టడానికైతే బడి దాకా ఎందుకు బాబూ? మా ఇంట్లో గోడలు లేవా?"

కండక్టరమ్మ నిలబడే ఉంది. ఎవరి వైపూ చూడకుండా అంది. "కుట్లు విప్పిన దగ్గర్నుంచి మా పిల్ల ఇంట్లో నోరెత్తడం లేదు. గడ్డం నొప్పేమో అనుకున్నాను." తరవాత సూపరింటెండెంటు వైపు తిరిగింది. "ఆ బండి బయటికి తీయించండి. ఇప్పుడే, కాలవకు దూరంగా, నా కళ్ళ ఎదుట ఆడాలి. రేపటికల్లా బండి చుట్టూ ఎత్తుగా అంచు కొట్టించండి. వాడు పొద్దుటే వస్తాడు, అందరితోపాటు. ఈవిడ సంగతి తరవాత చూస్తాను."

"మళ్ళీ ఏమైనా అయితే..." అన్నాడు ఆయన.

"అయితే నా పిల్లకవుతుంది. మీకు కాదు."

ఆయన గొణుక్కుంటూ తాళం తీశాడు.

మైకును బండిలో కూర్చోబెట్టారు. దొరగారు రైలు చంకలో పెట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. కండక్టరమ్మా టీచరూ పక్కపక్కనే, భుజాలు తగలకుండా నిలబడ్డారు.

"పద," అంది మైకు.

వాడు రైలు చక్రం తిప్పుకుంటున్నాడు.

"ఒరేయ్, పద. చెవుల్లో దూది పెట్టుకున్నావా?"

వాడు చూడలేదు. టీచరు కడుపులో నిప్పు గొంతు దాకా వచ్చింది. చాపల మీద, రైలు మీద, అన్ని రోజుల మీద.

మైకు వంగి తాడు లాక్కుని, కొస పట్టుకుని వాడి మీదికి విసిరింది. అందలేదు. మళ్ళీ విసిరింది. తాడు వాడి పాదాల ముందు పడింది. వాడు దాని మీద కాలు వేశాడు. మైకు తన వైపు లాగింది. తాడు బిగుసుకుంది. వాడు కాలు తీయలేదు.

కండక్టరమ్మ నోరు తెరవబోయింది.

"నోరు మూసుకోండి," అంది టీచరు మెల్లగా, పళ్ళ బిగువున.

కండక్టరమ్మ ఆమె వైపు ఒక చూపు చూసింది. నోరు మూసుకుంది.

పాదం కింద తాడు కదులుతోంది. దొరగారు తల వంచి దాన్ని చూశాడు. చూపు తాడు వెంట మెల్లగా పాకింది. మైకు చేతుల దగ్గర ఆగింది.

"కాలు తియ్యరా," అంది మైకు.

వాడు రెండో కాలు కూడా తాడు మీద వేశాడు.