రజితకు మరాఠీ వచ్చు

ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసేదాన్ని, అందులో కూడా రాయలేదు. మూడేళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

రజిత, నేను మెట్‌పల్లిలో కలిసి డిగ్రీ చదివాం. తర్వాత ఆమె చీరల దుకాణంలో చేరింది. పొద్దంతా నిలబడాలి. సాయంత్రానికి పాదాలు వాచేవి. కూర్చుని చేసే పని ఒక్కటి దొరికితే చాలనేది. ఆదిలాబాద్‌లో ఒక పత్తి విత్తనాల కంపెనీలో ఒకే ఉద్యోగం పడితే, ఇద్దరమూ దరఖాస్తు పెట్టుకుందామనుకున్నాం. నేను పుస్తకాలు చదువుతానని, తన రెజ్యూమే కూడా నన్నే తయారుచేయమంది.

పక్కన కూర్చుని ఆమె చెబుతుంటే టైపు చేశాను. ఆఖరున కొంచెం సిగ్గుపడుతూ అడిగింది.

"చిన్నప్పుడు అమ్మమ్మోళ్ల ఊర్లె పెరిగిన గదా, నాకు మరాఠీ మంచిగొస్తది. గది గూడ రాయాల్నానే?"

"గవన్ని ఎవలు జూస్తరే? ఒక్క పేజీలనే ఉండాలె."

"నువ్వెట్లంటె అట్లనే. నీకు తెల్సు గదా."

మరాఠీ వచ్చినవాళ్లను ముందు చూస్తామని ప్రకటనలో ఉంది. అది నా ఫోన్‌లో ఉంది. ఆమెకు చూపించలేదు. ఆమె పేజీలో కింద సగం ఖాళీగానే ఉంది.

తెలిసే చేశానా? తెలిసే. ఇంట్లో మాట్లాడే భాష చదువు కిందికి రాదని, రెజ్యూమే పొందికగా ఉంటేనే బాగుంటుందని, ఆమెకు ఏదో ఒక పని ఉంది నాకు అదీ లేదని, ఎన్ని సమాధానాలు చెప్పుకున్నానో. నలుగురిలో నోరు విప్పలేని నాలో ఇంత ఉందని ఎవరనుకుంటారు?

నన్ను పిలిచారు. ఆమెను పిలవలేదు. మరాఠీ వచ్చా అని అడిగితే నేర్చుకుంటానన్నాను.

ఇప్పటికీ సరిగా రాదు. సరిహద్దు అవతలి రైతు వచ్చి తన చేను గురించి చెబుతుంటే, నవ్వి, ఇంకొకరిని పిలుస్తాను. అప్పుడల్లా నా కుర్చీలో రజిత కనిపిస్తుంది. ఆయనను కూర్చోబెట్టి, ముందు మంచినీళ్లిచ్చి, తీరిగ్గా మాట్లాడుతూ.

ఆమె ఇంకా ఆ దుకాణంలోనే ఉందట. చాలాసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేకపోయాను. చెబితే తిడుతుందని కాదు. ఏం కాదులే అంటుందని.

నేను ఆదిలాబాద్ బయల్దేరిన రోజు బస్టాండుకు వచ్చింది. డబ్బాలో సర్వపిండి తెచ్చింది, ఇంకా వెచ్చగా ఉంది. బస్సు కదులుతుంటే కిటికీ పట్టుకుని నడుస్తూ అన్నది. ఆమె నోటి నుంచి నేను విన్న ఆఖరి మాట అదే.

"పరేషాన్ గాకే. ఆడ మరాఠోళ్ల మాట సమజ్ గాకుంటె నాకు ఫోన్ గొట్టు, నేను జెప్త."